రాళ్ళగుంత దగ్గర పిలిచిన పేరు

ఆ రోజు నేను చేయవలసిన పనులు ఇవి.

మదనపల్లె సబ్‌జైలుకు పోయి సత్యానందం మాస్టరును కలవాలి.

ఆయన భార్య రూతమ్మ కట్టిచ్చిన సంకటి ఆయన చేతికి అందేలా చూడాలి.

పుంగనూరులో శవం దొరికిన రాళ్ళగుంతను నా కళ్ళతో చూడాలి.

చనిపోయినవాడి భార్య హన్నమ్మతో మాట్లాడాలి.

ఇన్‌స్పెక్టరు శ్రీరాములుతో, వీలైతే, పోట్లాడకుండా ఉండాలి.

మాస్టరును చిత్తూరు సెషన్సు కోర్టుకు తీసుకుపోయేలోగా ఆయన హంతకుడు కాడని చూపించాలి.

వీటిలో ఒకటి నావల్ల కాలేదు. శ్రీరాములుతో పోట్లాడాను.

అది యుద్ధం నడుస్తున్న కాలం, 1944. మదనపల్లెలో డిటెక్టివు అంటే జనం నవ్వేవాళ్ళు. వకీలు గుమాస్తా అనుకుంటే నేనూ ఊరుకునేవాణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా నాయన దావీదు వాయల్పాడు పక్క చేలల్లో కూలి చేస్తూ నన్ను హాస్టల్లో పెట్టి చదివించాడు. ఆ హాస్టల్లో నాకు లెక్కలు చెప్పినవాడు సత్యానందం మాస్టరు. ఇప్పుడు ఆయన హత్యకేసులో ముద్దాయి. ఆయన చంపాడని చెబుతున్న మనిషి పేరు కూడా సత్యానందమే.

జైలు ఊచల సందులోంచి క్యారియరు అందుకొని మాస్టరు మూత తీసి చూశాడు.

"నంజుకునేదానికి ఊరిబిండి కూడా ఏసింది. మనిషి లోపల ఉంటే మర్యాద పెరిగింది సూడు ప్రసాదరావూ."

"మాస్టరూ, ఆ సాయంత్రం మీరు పుంగనూరుకు యాల పోయినారు?"

"ఆ కంగాణిని అడిగేదానికి పోయినా. అస్సాంలో రోడ్డు పని, కడుపునిండా బియ్యమన్నం అని చెప్పి మన పేటల్లో మగోళ్ళనంతా రైలెక్కించినాడు. జాబు లేదు, కబురు లేదు. కొందరు జరానికి పోయినారంట. ఆడోళ్ళు బడికాడికొచ్చి 'మా మగోళ్ళు యాడ సార్' అని నన్ను అడగతాండారు. నేనేం చెప్పేది? పోయినా. ఇంట్లో లేడు. తిరిగొచ్చేసినా. అంతే."

కంగాణి అంటే దూరపు పనులకు కూలీలను పోగుచేసే మేస్త్రీ. పుంగనూరు సత్యానందం పని అదే.

"దానికి ముందు ఆదివారం గుడి ముందర మీరు ఏమో అన్నారంట."

మాస్టరు తల దించుకున్నాడు. "'ఆ పేరు పెట్టుకొని నువ్వు బతికేదానికన్నా సచ్చేది మేలు' అన్నా. అందరూ విన్నారు. అన్న మాట కాదనను."

"పేరులో ఏముంది మాస్టరూ?"

ఆయన క్యారియరు మూత మళ్ళీ పెట్టేశాడు. "మాకు ముందు ఒకాయన ఉండె. పెద్ద సత్యానందం గారు. సువార్త చెప్తా ఊరూరు నడిచేటోడు. కలకడ పక్క కలరా తగిలినప్పుడు అయినోళ్ళే తలుపులేసుకుంటే, ఈయన పోయి రోగుల నోట్లో నీళ్ళు పోసినాడు. ఆ జబ్బుతోనే పోయినాడు. తర్వాత కొన్నేండ్లు మన పేటల్లో మగబిడ్డ పుడితే ఆ పేరే. పుంగనూరులో వాడు, మదనపల్లెలో నేను, కుప్పంలో ఇంకొకడు. ఊరి పేరు ముందర పెట్టి పిలిచేది మమ్మల్ని. ఊరికే పిలిచేదానికి పెట్టిన పేరు కాదప్పా అది. ఆయన మిగిల్చిపోయిన పని."

"కుప్పం ఆయన ఎవరు?"

"హన్నమ్మ తమ్ముడే. పేరుకు కుప్పం గానీ ఉండేది కోలారు బంగారు గనుల్లో. తమ్ముడిదీ మొగుడిదీ ఒకే పేరని పెండ్లి పందిట్లో అందరూ నవ్వినారు."

నేనూ నవ్వాను. ఆ మాటలో కేసు మొత్తం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

*

పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సు ఎత్తు వచ్చినచోటల్లా ఆగి ఊపిరి తీసుకుంటూ పుంగనూరు చేర్చింది. రాళ్ళగుంత ఊరికి బయట ఉంది. శ్రీరాములు గుంత అంచున నిలబడి బెత్తంతో బూటు మీద కొట్టుకుంటున్నాడు. ఈ సర్కిలుకు కొత్తగా బదిలీ మీద వచ్చాడు. నా పేరు తెలిసినా ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు.

"రాప్పా బి.ఏ. గారూ. గుంతలో పరీక్ష రాసేదేమీ లేదు."

"చూసిపోతాను సార్."

"సూడు. ఈడ నిలబెట్టి వెనకనుంచి తల మీద కొట్టినాడు మీ మాస్టరు. లోపలికి తోసి, పైనుంచి రాతిగుండు దొర్లించినాడు. మొగం మొగంగా లేదు. కోటు మాత్రం కంగాణిదే. ఊర్లో అందరికీ తెలిసిన కోటు. పెండ్లాం వచ్చి సత్యానందమే అనింది. ఇంకేం గావాల నీకు?"

నేను గుంతలోకి దిగాను. గుండు పడినచోట రాయి చిట్లి ఉంది. పైన అంచు దగ్గర దాన్ని పెకలించిన గుర్తు ఉంది. ఆ పక్కనే గడ్డపార మోపిన గంటు. చంపినవాడు అంతటితో తృప్తిపడలేదు. శ్రమపడి గుండును పెకలించి, గురిచూసి దొర్లించాడు. కోపంలో కొట్టినవాడు కొట్టి పారిపోతాడు. చచ్చినవాడి ముఖం చెరపడానికి అంత కష్టపడడు.

ఆ మాటే పైకి వచ్చి చెప్పాను.

"లెక్కల మాస్టరు కదా," అన్నాడు శ్రీరాములు. "ఏ పనైనా పూర్తిగా చేస్తాడు."

"శవం మీద ఇంకేమైనా గుర్తులుండాయా సార్?"

"చేతుల మీద, భుజం మీద నీలం చుక్కలు. పచ్చబొట్టు."

"ఏమి బొట్టు? తేలా, పేరా?"

"చుక్కలయ్యా. చల్లినట్టు."

గుంత అవతలి కొసన రాళ్ళు పేల్చేవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళ చేతులు చూశాను. మా పెదనాయన చేతులు జ్ఞాపకం వచ్చాయి. మందు పెట్టి రాయి పేల్చేచోట పొడి చర్మంలోకి దూరి నీలంగా నిలిచిపోతుంది. ఎంత కడిగినా పోదు.

"సార్, గొడుగేసుకొని తిరిగే కంగాణికి ఆ చుక్కలు ఎట్ల వచ్చె?"

"కంగాణి కాకముందు రాళ్ళు కొట్టింటాడు. పుట్టినప్పుడే గొడుగుతో పుట్టినాడా? పోయి హన్నమ్మను అడుగు. తొందరగా అడుగు. మీ మాస్టరును చిత్తూరు పంపే ఏర్పాట్లు నేను చేయాల."

*

హన్నమ్మ ఇల్లు మిషను పేట చివర ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. పక్కింటి వాకిట్లో పాపమ్మ అనే పెద్దామె చింతపండు గింజలు తీస్తోంది.

"హన్నమ్మ లేదప్పా. నువ్వు పోలీసా?"

"కాదమ్మా. సత్యానందం మాస్టరు శిష్యుణ్ణి."

"ఏ సత్యానందం? మాకు సత్యానందాలకు కొదవ లేదు." గింజ ఒకటి నా కాళ్ళ దగ్గర పడింది. "మదనపల్లె ఆయనా? పాపం, మంచోడంటారు. మంచోడు చేసే పనేనా అది?"

"ఆయన చేయలేదమ్మా. శవం కాడికి హన్నమ్మతో ఎవరు పోయినారు?"

"నేనే. చెయ్యి పట్టుకొని నడిపించుకోని పోతి."

"ఆడ ఆమె ఏమనింది? ఉండేది ఉండేట్టు చెప్పమ్మా. ఒక మనిషి ప్రాణం దాని మీద ఉండాది."

పాపమ్మ చేతులు ఆగాయి. "ముందు కోటు పక్కకు లాగి, భుజం తడిమి సూసింది. అంతే, మీద పడిపోయె. 'ఒరే సత్యానందమా, లెయ్‌రా నాయనా, లెయ్‌రా' అని పిలిచింది. పోలీసాయన 'సత్యానందమేనామ్మా?' అంటే తల ఊపింది. నాకైతే ఒళ్ళు జల్లుమనె. పెండ్లయినకాడి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు."

"తమ్ముడి పేరు కూడా అదే కదా. వాణ్ణి ఏమని పిలిచేది?"

"కుప్పమోడా అనేది. పేరు పలికితే మొగుడి పేరు పలికినట్టవుతాది కదప్పా. తల్లి లేని బిడ్డ, ఈమే సంకనేసుకొని పెంచింది. అయినా పేరు పెట్టి పిలిచే రాత లేకపాయె."

"మొగుణ్ణి పట్టుకొని 'లెయ్‌రా' అనింది. మీకు వింతగా లేదా?"

"దుక్కంలో నోటికి అదుపుంటాదా? మొగుడే పోయినాక ఇంక పేరుకేమిలే అనుకుంటిమి."

"ఇప్పుడు యాడికి పోయిందమ్మా?"

"కుప్పానికి. పొద్దున చింతపండు లారీ డ్రైవరు వచ్చి చెప్పె, 'మీ తమ్ముడు సత్యానందం టేసన్లో ఉండాడు, కోలారుకు పిల్సుకపోతాడంట, రమ్మన్నాడు' అని. తమ్ముడన్నా దిక్కుండాడు, పో తల్లీ అని నేనే అంటి."

"ఆమె ఏమనింది?"

"ఏమీ అనలే. వాకిట్లో కూలబడె. మళ్ళా లేసి, తలుపు కూడా ఎయ్యకుండా లారీ ఎక్కె."

చనిపోయిన తమ్ముడు లారీ పంపలేడు. పంపినవాడు ఎవరో హన్నమ్మకు తెలుసు. తెలిసీ ఎక్కింది.

*

శ్రీరాములు స్టేషన్లో మజ్జిగ తాగుతున్నాడు. నేను చెప్పిందంతా విని గ్లాసు కింద పెట్టాడు.

"అంటే, ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది కాబట్టి వాడు మొగుడు కాదంటావు."

"అవును సార్. గుంతలో చచ్చింది తమ్ముడు. కంగాణి బతికే ఉండాడు. అస్సాం పోయినోళ్ళ పెండ్లాలు కాచుకొని ఉండారు, వానికి చచ్చినోడు అనిపించుకునేదానికన్నా వేరే దారి లేదు. అదే పేరుండే బామ్మరిది దొరికినాడు. నా కోటు నీది, నీ పేరు నాది అనుకున్నాడు."

"జడ్జిగారు నవ్వి సస్తాడయ్యా."

"మీ ఇంట్లో అమ్మగారు మీ పేరు పలుకుతారా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. వెనక నిలబడ్డ కానిస్టేబులు కిటికీలోంచి బయటికి చూశాడు.

"మా ఇంట్లో రాములోరి గుడికి పోవాలన్నా 'ఆ గుడికి' అంటాది," అన్నాడు శ్రీరాములు చివరికి. "మాది అట్లాంటి కుటుంబం. మీ కిరస్తానీ ఆడోళ్ళ కథ వేరే. దొరసానుల దగ్గర సదువుకున్నోళ్ళు, మొగుణ్ణి పేరు పెట్టి 'ఏమండోయ్ జానూ' అంటారు. ఆ లెక్కన ఈమె కూడా పిలిచింది. దాంట్లో ఏముండాది?"

"దొరసానులు అంటారు సార్. మావాళ్ళు అనరు. మా నాయన పేరు దావీదు. మా అమ్మ బాప్తిస్మం తీసుకొని ముప్పై ఏండ్లయింది. ఇప్పటికీ దావీదు కీర్తన చదవమని నన్ను అడగాలంటే 'ఆ రాజుది ఒకటి చదువు నాయనా' అంటాది. దేవుడు మారినాడు గానీ మొగుడు మొగుడే."

కానిస్టేబులు దగ్గాడు. శ్రీరాములు వాడివైపు చూడలేదు. నావైపు చూశాడు.

"చుక్కలు," అన్నాడు తనలో తాను. "గనిలో కూడా రాయి పేలుస్తారు కదా."

"రోజూ పేలుస్తారు సార్. బంగారుపేట పోయే సాయంత్రం బండి ఎక్కినారంటే ఇద్దరూ మైసూరు సీమలోకి పోతారు. ఆమె మళ్ళా కనబడదు. నోరిప్పగలిగే మనిషి ఆమె ఒక్కటే."

ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. "వ్యాను తియ్యరా. బి.ఏ. గారూ, ఇది తప్పయిందంటే మాత్రం నువ్వు ఈ జిల్లాలో డిటెక్టివు పని మానేసి మీ మాస్టరు బడిలో ఒకటో తరగతికి అఆలు చెప్పుకోవాల."

"సరే సార్."

*

కుప్పం స్టేషన్లో బండి ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం కొసన బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గుండు కొట్టించుకొని, మీద తువ్వాలు వేసుకున్నాడు. బెంచీ మీద ఇంకా ఇద్దరికి చోటుంది. హన్నమ్మ మాత్రం పక్కన నేల మీద కూర్చుంది, కొంగు నెత్తి మీదికి లాక్కొని. తమ్ముడు బెంచీ మీద ఉంటే, వాణ్ణి ఎత్తుకు పెంచిన అక్క నేల మీద కూర్చోదు.

నేనుగానీ శ్రీరాములుగానీ కంగాణిని ఎన్నడూ చూడలేదు. అతన్ని గుర్తుపట్టగలవాళ్ళంతా పుంగనూరులోనూ మదనపల్లెలోనూ ఉన్నారు.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు శ్రీరాములు.

అతను మర్యాదగా లేచాడు. "సత్యానందం సార్. కుప్పం. కోలారు గనుల్లో పని. ఈమె మా అక్క. మా బావను సంపేసినారు కదా సార్, ఒంటరి ఆడమనిషి ఆడ యాల అని పిల్సుకపోతాండాను."

ఎక్కడా తడబాటు లేదు. దొంగపేరు పెట్టుకున్నవాడు పిలిస్తే పలకడానికి ఒక క్షణం ఆలస్యమవుతాడు. ఇతనికి ఆ ఇబ్బంది లేదు. చెప్పిన పేరు పుట్టినప్పటి నుంచి అతనిదే. అయితే 'అక్క' అన్నప్పుడు హన్నమ్మ భుజాలు ముడుచుకున్నాయి.

"సేతులు సూపించు," అన్నాడు శ్రీరాములు.

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. చర్మం శుభ్రంగా ఉంది. "నేను పైన లెక్క చూసే పని సార్. లోపలికి దిగను."

దూరంగా గంట కొట్టారు. బండి పక్క స్టేషను దాటింది. శ్రీరాములు నావైపు తిరిగాడు. ఆ చూపులో అఆలు ఉన్నాయి.

నేను హన్నమ్మ ముందు గొంతుక్కూర్చున్నాను.

"అమ్మా, నేను నిన్ను ఎక్కువ అడగను. నీ తమ్ముణ్ణి ఒక్కసారి పేరు పెట్టి పిలువు. 'ఒరే సత్యానందమా' అను. ఆ మాట వింటే మేము పోతాము. మీరు బండెక్కచ్చు."

"దుక్కంలో ఉండే మనిషిని యాల సార్ సతాయించేది?" అన్నాడు అతను.

"నువ్వుండప్పా," అన్నాడు శ్రీరాములు.

హన్నమ్మ తలెత్తింది. మొదట అతన్ని చూసింది. తర్వాత పట్టాల వైపు చూసింది. ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. రెండు అక్షరాలు కూడా రాలేదు. పిలిస్తే మొగుడు తప్పించుకుంటాడు, మాస్టరు ఉరికంబం ఎక్కుతాడు. ఆమె ఆలోచిస్తోందని నేను అనుకున్నాను. కాదు. పిలవాలనే ప్రయత్నించింది. ఆ పేరు ఆ మనిషి ముఖం చూస్తూ ఆమె నోట రావడం లేదు.

బండి వచ్చి ఆగింది. ఆవిరి మా మీదుగా పోయింది.

శ్రీరాములు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు.

"సెప్పమ్మా. ఈ మనిషి నీ తమ్ముడేనా?"

"నా తమ్ముణ్ణి ఆ పొద్దే పిలిచినా సార్," అంది హన్నమ్మ. "గుంతకాడ. శానాసార్లు పిలిచినా. వాడు లెయ్యలే."

"మరి ఈయన?"

"ఈయన పేరు నేను పలికేది లేదు సార్."

అతను పెట్టె వదిలేసి బండి వైపు ఒక అడుగు వేశాడు. శ్రీరాములు చెయ్యి అతని మణికట్టు మీద పడింది. బండి కదిలిపోయింది.

హన్నమ్మ అట్లాగే కూర్చుని మిగతాది చెప్పింది, ఎవరూ అడగకుండానే. తమ్ముడు ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. అస్సాం పోయినవాళ్ళ గురించి గనుల్లో ఎవరో చెప్పుకుంటుంటే విని, బావను అడగడానికి వచ్చాడు. బావ కోప్పడలేదు. బస్సు దాకా వస్తానని బయల్దేరాడు. చలిగా ఉందని తన కోటు విప్పి బామ్మరిదికి తొడిగాడు.

"వాడు సంబరపడినాడు సార్. 'సూడక్కా, బావ కోటు' అని నా ముందర తిరిగి సూపించినాడు. ఇద్దరూ పోయినారు. మరుసటి పొద్దు ఒకడు గుంతలో ఉండాడు. భుజం మీద చుక్కలు సూస్తే తెలిసిపోయె. రెండోవాడు యాడ అని నన్ను నేను అడుక్కోలేకపోతి. మొగుడే అని మీరే రాసుకుంటిరి. కాదంటే ఈయన్ను నేను సంపినట్టు. ఊరుకుంటే ఆ మాస్టరును సంపినట్టు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈపొద్దు లారీ ఎక్కేటప్పుడు, ఈయన నన్ను కూడా సంపేస్తే సాలు, ఏదీ తేల్చే పని ఉండదు అనుకుంటి."

వ్యాను దగ్గర శ్రీరాములు నా పక్కకు వచ్చాడు. తప్పు ఒప్పుకునే మనిషి కాదు, ఒప్పుకోలేదు.

"ఆ రూతమ్మకు చెప్పు, ప్రసాదరావూ," అన్నాడు. "రేపటి నుంచి సంకటి ఇంట్లోనే పెట్టొచ్చని."

ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

చదివేవాళ్ళను నేను ఒకటి అడగాలి. పెద్ద సత్యానందం గారిని తలచుకోవడానికి కలకడ పక్క ఊళ్ళున్నాయి. మాస్టరుకు మావంటి శిష్యులున్నారు. కంగాణి పేరు కోర్టులో ఎన్నోసార్లు పిలుస్తారు, అతను పలుకుతాడు. కుప్పం సత్యానందం కోసం మాత్రం ఎవరూ వెతకలేదు. ఆ సాయంత్రం దాకా అతను లేడన్న సంగతే బయట ఎవరికీ తెలియదు. అతని మట్టి మీద నాటిన కొయ్య శిలువ మీద కూడా, పేరు అతనిదే అయినా, ముందున్న ఊరు అతనిది కాదు. రాని మగవాళ్ళ సంగతి అడగడానికి వచ్చి, బావ ఇచ్చిన కోటు తొడుక్కుని అక్క ముందు ఒకసారి తిరిగి చూపించిన మనిషి అతను. ఇక మీద ఆ పేరు మీకు ఎక్కడ వినబడినా, ముందు అతన్ని తలచుకోండి.